గాజు పళ్లెంలో లవంగ నూనె



లవంగ నూనె బాక్టీరియాను చంపుతుందా అని ఎవరైనా అడిగితే, చంపుతుంది అని ఒక్క ముక్కలో చెప్పేస్తాను. వాము నూనె చంపుతుంది. నిమ్మగడ్డి నూనె చంపుతుంది. నీలగిరి తైలం కూడా ఎంతో కొంత చంపుతుంది. ఆ మాటకొస్తే వెనిగర్ చంపుతుంది, మరిగే నీళ్లు చంపుతాయి, చిక్కటి ఉప్పునీళ్లలోనూ చాలా రకాల బాక్టీరియా బతకలేవు. అందుకే "బాక్టీరియాను చంపుతుందని పరీక్షల్లో తేలింది" అని సీసా మీద రాసి ఉంటే నేను పెద్దగా ఆశ్చర్యపోను. ఎంత వేస్తే చచ్చింది, ఏది చచ్చింది, ఆ పరీక్ష ఎలా చేశారు అని అడుగుతాను. జవాబు చాలాసార్లు ఆ సీసా మీద ఉండదు.

ముందుగా ఈ నూనెలేమిటో చూద్దాం. ఇవి నువ్వుల నూనె, వేరుశనగ నూనెల్లా గానుగలో ఆడించినవి కావు. ఆకునో, మొగ్గనో, గింజనో పెద్ద పాత్రలో వేసి కింది నుంచి ఆవిరి పంపితే, వాసన పదార్థాలు ఆ ఆవిరితో పాటు లేచి, చల్లబడ్డాక నీటిమీద తేలుతాయి. లవంగ నూనె మాత్రం నీటికన్నా బరువు, అడుక్కు దిగుతుంది. తెల్లకాగితం మీద ఒక బొట్టు వేస్తే మామూలు నూనెకు జిడ్డు మరక మిగులుతుంది. వీటికి కాసేపటికి దాదాపు ఏమీ మిగలదు, ఎగిరిపోతుంది. ఈ ఎగిరిపోయే గుణం ఒకటి, నీటిలో కలవని గుణం ఒకటి గుర్తుంచుకోండి. పరీక్షల్లో వచ్చే తలనొప్పులన్నిటికీ మూలం ఈ రెండే.

మన ఇళ్లకు ఇవి కొత్త కాదు. పన్ను సలిపితే దూదిలో లవంగ నూనె అద్ది పెట్టుకోవడం అందరికీ తెలుసు. మూలికల కొట్లో వాము పువ్వు, పుదీనా పువ్వు, కర్పూరం కొని సీసాలో కలిపితే మూడు గట్టి పలుకులూ కరిగి నీళ్లలా అయిపోవడం చూసినవాళ్లు మీలో ఉండే ఉంటారు. హైదరాబాద్‌లో 1920లో మొదలైన జిందా తిలిస్మాత్ సీసాలో ఉన్నదీ ప్రధానంగా నీలగిరి తైలమే. వీటిలో వాము పువ్వుకు పెద్ద చరిత్ర ఉంది. శాస్త్రంలో దాన్ని థైమాల్ అంటారు. వాము నూనెను చల్లబరిస్తే పలుకులుగా విడిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన దేశపు వాము గింజలు ఓడలకెక్కి జర్మనీ వెళ్లేవి, అక్కడి కర్మాగారాల్లో థైమాల్‌గా మారేవి. యుద్ధంతో ఆ దారి మూసుకుపోయాకే ఇక్కడ దాన్ని తయారుచేసే ప్రయత్నాలు ఊపందుకున్నాయి. తర్వాత కృత్రిమ థైమాల్ వచ్చి వాము గిరాకీని దెబ్బతీసింది.

ఇక పరీక్షకు వద్దాం. మన విశ్వవిద్యాలయాల్లో మైక్రోబయాలజీ చదివే పిల్లలకు ప్రాజెక్టు అంటే ముందు తట్టేది ఇదే. ఖర్చు తక్కువ, ఫలితం ఫొటోకు బాగుంటుంది. ముందురోజు పెంచిన బాక్టీరియాను ఉప్పునీటిలో కలుపుతారు. ఆ నీటి మసక ఎంతుండాలన్నదానికి ఒక కొలత ఉంది. వెనక నల్ల గీతల కార్డు పెట్టి, ప్రమాణంగా తయారుచేసిన సీసాతో పక్కపక్కన పట్టి చూస్తారు. మెక్‌ఫార్లాండ్ 0.5 అనే ఆ మసక వస్తే మిల్లీలీటరుకు దాదాపు 15 కోట్ల బాక్టీరియా ఉన్నట్టు లెక్క. దూది చుట్టిన పుల్లను అందులో ముంచి, సీసా గోడకు అదిమి, ఎండుగడ్డి రంగులో గట్టిపడి ఉన్న అగార్ అనే జెల్లీ పళ్లెం మీద అటూ ఇటూ తిప్పుతూ పూస్తారు. ఆ అగార్ మందం నాలుగు మిల్లీమీటర్లు ఉండాలి. తర్వాత ఆరు మిల్లీమీటర్ల వెడల్పున్న కాగితపు బిళ్ల మీద నూనె ఒక చుక్క వేసి, చిమటాతో పట్టి పళ్లెం మీద అదుముతారు. 35 డిగ్రీల వేడిలో 16 నుంచి 18 గంటలు ఉంచుతారు. మర్నాడు పళ్లెమంతా పల్చటి పొరలా బాక్టీరియా పెరిగి, బిళ్ల చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ కనిపిస్తుంది. పళ్లెం బోర్లించి స్కేలుతో ఆ ఖాళీని కొలుస్తారు.

ఈ పద్ధతి వెనక చాలామంది పనితనం ఉంది. పళ్లెం రిచర్డ్ పెట్రీది, 1887 నాటిది. అగార్ వాడమని చెప్పింది శాస్త్రవేత్త కాదు, బాక్టీరియా శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ పరిశోధనశాలలో పనిచేసే హెస్సే అనే ఆయన భార్య ఫ్యానీ. వంటలో జెల్లీలు గట్టిపడటానికి ఆవిడ దాన్ని వాడేవారు. ఈ పరీక్షకు వాడే ముల్లర్ హింటన్ అగార్‌ను 1941లో రూపొందించిన ఇద్దరిలో ఒకరు జేన్ హింటన్ అనే నల్లజాతి యువతి, తర్వాత ఆమె పశువైద్యురాలయ్యారు. ఇవన్నీ కలిపి, 1966లో అమెరికాలోని సియాటిల్ నగరంలో బావర్, కిర్బీ బృందం పరీక్షను ఒక క్రమానికి తెచ్చింది. నేటికీ ఆస్పత్రి ల్యాబులో రోగి మూత్రానికో చీముకో కల్చర్ పరీక్ష చేసి ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో చెప్పేది చాలాచోట్ల ఇలాగే.

అయితే ఇక్కడే ఒక తిరకాసుంది. ఆ పద్ధతిని తయారుచేసింది యాంటీబయాటిక్‌ల కోసం. అవి నీటిలో కరుగుతాయి. తడిగా ఉన్న అగార్‌లోకి బిళ్ల నుంచి నెమ్మదిగా పాకుతాయి. ఖాళీ ఇన్ని మిల్లీమీటర్లుంటే మందు పనిచేస్తుంది, ఇంతకన్నా తక్కువైతే పనిచేయదు అని పట్టికలున్నాయి. రోగి రక్తంలో ఆ మందు ఎంత చేరుతుందో కూడా లెక్కలోకి తీసుకుని వేసిన పట్టికలవి. నూనెలకు అలాంటి పట్టిక లేదు. వేయడమూ కష్టమే. చారు మీద పోపు నూనె ఎంత కలిపినా చుక్కలు చుక్కలుగా పైనే తేలినట్టు, ఈ నూనెలు అగార్ తడిలోకి సరిగా ఇంకవు. కాబట్టి ఎక్కువ శక్తి ఉండి నీటిలో కలవని నూనె చిన్న ఖాళీ చూపిస్తుంది, తక్కువ శక్తి ఉండి కాస్త కలిసేది పెద్ద ఖాళీ చూపిస్తుంది. మిల్లీమీటర్లు పెద్దవైతే మందు గొప్పదన్న లెక్క ఇక్కడ నిలవదు. అయినా ఒక నూనెకు 22 మిల్లీమీటర్లు, యాంటీబయాటిక్‌కు 20 వచ్చాయని, యాంటీబయాటిక్ కన్నా నూనే మేలని రాసేసిన ప్రాజెక్టు పుస్తకాలు నేను చూశాను. బిళ్ల మీద వేసిన నూనె పది మిల్లీగ్రాములు, యాంటీబయాటిక్ పది మైక్రోగ్రాములు. వెయ్యి రెట్ల తేడా. ఆ సంగతి ఎవరూ రాయరు.

ఇంకో చిక్కు ముక్కుకు తెలుస్తుంది. లవంగ నూనె పళ్లేలు పెట్టిన ఇంక్యుబేటర్ తలుపు మర్నాడు పొద్దున తీయగానే గదంతా గుప్పుమంటుంది. పిల్లలకు సరదాగా ఉంటుంది. నాకు మాత్రం అది చేదువార్త. వాసన ఇంత దూరం వచ్చిందంటే నూనె బిళ్ల మీద లేదు, గాలిలో ఉంది. అంటే పరీక్షకు ఎంత నూనె అందిందో మనకు తెలియదు. పైగా ఒకే పళ్లెంలో నాలుగు మూలలా నాలుగు నూనెల బిళ్లలు పెట్టారనుకోండి, ఒకదాని ఆవిరి మూత కిందుగా వెళ్లి పక్కదాని మీద పనిచేస్తుంది. వాము నూనె పక్కన పెట్టిన పుణ్యానికి ఏ పసలేని నూనెకో మంచి పేరొచ్చేస్తుంది.

మరి నమ్మదగిన కొలత ఏది? బిళ్ల పరీక్షను తొలి వడపోతకే ఉంచి, ద్రవంలో పలుచన చేసే పరీక్షకు వెళ్లాలి. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలక మీద 96 చిన్న గుంతలుంటాయి. బాక్టీరియా పెరిగే పులుసు, అంటే పోషకాలు కలిపిన నీరు, ప్రతి గుంతలోనూ పోస్తారు. మొదటి గుంతలో నూనె నాలుగు శాతం, తర్వాతి దాంట్లో రెండు, తర్వాత ఒకటి, అర, పావు... ఇలా సగం సగం చేసుకుంటూ పోతారు. అన్నిట్లోనూ సమానంగా బాక్టీరియా వేస్తారు. ఏ గుంత దాకా పెరుగుదల ఆగిందో అదే ఆ నూనెకు కనీస నిరోధక మోతాదు. నూనె కలిసిన నీరు ఎలాగూ తెల్లగా మసకబారి ఉంటుంది కాబట్టి బాక్టీరియా పెరిగిందో లేదో కంటికి తెలియదు. అందుకని రెసజూరిన్ అనే నీలిరంగు వేస్తారు. బతికున్న బాక్టీరియా ఉన్న గుంత గులాబీ రంగుకు తిరుగుతుంది, లేనిది నీలంగానే ఉంటుంది. నూనె తక్కువున్న వైపు నుంచి చూస్తే వరసగా గులాబీ, గులాబీ, గులాబీ, ఉన్నట్టుండి నీలం. ఆ గీత దగ్గరే జవాబు ఉంటుంది.

ఇక్కడా నూనె నీటితో కలవనంటుంది. దాన్ని కలపడానికి ట్వీన్ 80 అనో, డీఎంఎస్‌ఓ అనో ఏదో ఒకటి వేయాలి. ట్వీన్ ఎక్కువైతే నూనెను తనలో పట్టి ఉంచి బాక్టీరియా దాకా పోనివ్వదు, మంచి నూనె కూడా తేలిపోతుంది. డీఎంఎస్‌ఓ ఎక్కువైతే అదే బాక్టీరియాను ఇబ్బంది పెట్టి నూనెకు లేని ఘనత కట్టబెడుతుంది. ఈ రెండూ వద్దని, పులుసులో 0.15 శాతం అగార్ కలిపి కాస్త చిక్కబరిచి నూనె బొట్లను తేలకుండా ఆపే పద్ధతి 1990లలో వచ్చింది. ఏది వాడినా సరే, నూనె లేకుండా ఆ కలిపే పదార్థం ఒక్కటే వేసిన గుంత ఒకటి ఉండి తీరాలి. ఏమీ వేయని గుంత ఒకటి, బాక్టీరియా లేని గుంత ఒకటి, తెలిసిన యాంటీబయాటిక్ వేసిన గుంత ఒకటి ఉండాలి. నా దృష్టిలో ఒక పరీక్ష నిజాయితీ ఈ నాలుగు గుంతల్లోనే తేలిపోతుంది. ఇవి లేని ఫలితాన్ని నేను చదవను.

నీలంగా మిగిలిన గుంతలో బాక్టీరియా చచ్చాయా, ఊరికే పెరగడం ఆపాయా? దానికోసం అందులోంచి కొంచెం తీసి, నూనె లేని కొత్త పళ్లెం మీద పూసి మళ్లీ ఒకరోజు చూస్తారు. వెయ్యింటిలో 999 చచ్చిపోతేనే దాన్ని చంపే మోతాదు అంటారు. పెరుగుదల ఆపడం వేరు, చంపడం వేరు. ప్రకటనల్లో ఈ రెండూ ఒకటే.

ఇప్పుడు అసలు అంకెలు చూడండి. ఈ నూనెల్లో బాగా పరీక్షకు నిలిచింది ఆస్ట్రేలియా టీ ట్రీ నూనె. సిడ్నీలో ఆర్థర్ పెన్‌ఫోల్డ్ అనే రసాయన శాస్త్రవేత్త 1920లలో దాన్ని పరీక్షించి, అప్పటి ఆస్పత్రుల క్రిమిసంహారకమైన కార్బాలిక్ ఆమ్లం కన్నా పది రెట్లకు పైగా శక్తి ఉందన్నాడు. చీము పట్టించే స్టాఫ్ బాక్టీరియానూ, పేగుల్లో ఉండే ఈ కోలినీ ఆపడానికి ఆ నూనె సుమారు పావు శాతం కావాలి. లీటరుకు రెండు గ్రాముల పైమాట. అదే ఈ కోలిని యాంటీబయాటిక్ అయిన జెంటామైసిన్‌తో ఆపాలంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపే సరిపోతుంది. రెండు వేల రెట్లకు పైగా తేడా. మనిషి ఒంట్లో దాదాపు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. ఆ రక్తంలో లీటరుకు రెండు గ్రాముల చొప్పున టీ ట్రీ నూనె చేరితే బాక్టీరియా సంగతి తర్వాత, మనిషే దక్కడు.

అంత ఎందుకు కావాలంటే, అవి పనిచేసే తీరు అలాంటిది. పెన్సిలిన్ బాక్టీరియా గోడ కట్టుకునే ఒక్క ఎంజైము కుటుంబాన్ని గురిపెడుతుంది. ఈ నూనెలకు అలాంటి గురి లేదు. కొవ్వుతో అల్లుకున్న కణ పొరలోకి చొరబడి దాన్ని వదులు చేస్తాయి, లోపలి పొటాషియం, శక్తి నిచ్చే పదార్థాలు బయటికి కారిపోతాయి. మన కణాల పొరా కొవ్వుతోనే కదా అల్లింది! గురి లేకపోవడం వల్ల ఒక లాభం లేకపోలేదు, బాక్టీరియా వీటికి అంత తేలిగ్గా లొంగకుండా తయారు కాలేవు. కానీ కొన్ని ముందునుంచే లొంగవు. గ్రామ్ నెగటివ్ అనే వర్గానికి కణం మీద అదనంగా ఇంకో పొర ఉంటుంది, అది నూనెను అంత సులువుగా రానివ్వదు. ఆస్పత్రుల్లో కాలిన గాయాల మీద స్థిరపడే సూడోమోనాస్ అయితే లోపలికి వచ్చిన దాన్ని పంపులు పెట్టి తోడి బయటికి నెట్టేస్తుంది. నూనెలతో పరీక్ష చేసి అన్నిటికన్నా మొండిది ఏది అని అడిగితే ఎక్కువమంది చెప్పే పేరు అదే. అందుకే "బాక్టీరియాను" అని గంపగుత్తగా చెప్పే మాట చాలదు. ఏ బాక్టీరియా, ఎక్కడి నుంచి తెచ్చింది అని చెప్పాలి. చండీగఢ్‌లోని జాతీయ సూక్ష్మజీవుల భాండాగారం నుంచి అంకెతో సహా తెప్పించుకున్నదైతే, రేపు విజయవాడలో ఇంకొకరు అదే పరీక్ష చేసి సరిచూడగలరు. పక్క గదిలో ఎవరో ఇచ్చిందైతే సరిచూడలేరు.

బాక్టీరియా పేరు చెప్పినట్టే నూనె పేరూ చెప్పాలి, అది ఇంకా కష్టం. లవంగ మొగ్గల నూనె వేరు, చవకగా దొరికే లవంగ ఆకు నూనె వేరు. రెండిట్లోనూ యూజెనాల్ అనే పదార్థమే ఎక్కువ, కానీ మిగతా దినుసులు వేరు. నిమ్మగడ్డి నూనెలో మంచి రకమైతే సిట్రాల్ డెబ్భై శాతం దాటుతుంది. కోత ఎప్పుడు కోశారు, గడ్డి ఎంత ఎండింది, బట్టీ ఎంతసేపు కాచారు అన్నదాన్ని బట్టి అది మారుతుంది. హైదరాబాద్ శివార్లలోని బోడుప్పల్‌లో సీమాప్ పరిశోధన కేంద్రం ఉంది. సుగంధ పంటల పని వాళ్లది. అలాంటి చోట నూనెను గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంలో వేస్తే లోపల ఏముందో శిఖరాల బొమ్మగా వస్తుంది. ఆ బొమ్మ లేకుండా "నిమ్మగడ్డి నూనె పనిచేసింది" అంటే ఏ నూనె పనిచేసిందో తెలియదన్న మాటే. టీ ట్రీ నూనెకు అంతర్జాతీయ ప్రమాణమే ఉంది, టెర్పినెన్ 4 ఆల్ అనే పదార్థం ఎంత తగ్గకూడదో, సినియోల్ ఎంత మించకూడదో అందులో రాసి ఉంటుంది. అన్నట్టు, మన జామాయిల్ తోటల వాసన కూడా ఆ సినియోల్‌దే. ముక్కుకు ఘాటుగా తగులుతుంది గానీ బాక్టీరియాను చంపడంలో థైమాల్, యూజెనాల్ ముందు అది తక్కువే. ఘాటును బట్టి బలాన్ని అంచనా వేయకూడదు.

పళ్లెం దాటి రోగి దాకా వెళ్లిన పరీక్షలు తక్కువ. బ్రిటన్‌లో 2004లో ప్రచురించిన ఒకటి చెప్తాను. మందులకు లొంగని స్టాఫ్ బాక్టీరియాను ఒంటి మీద మోస్తున్న 224 మంది ఆస్పత్రి రోగుల్లో సగం మందికి మామూలు చికిత్స, సగం మందికి టీ ట్రీ క్రీము, స్నానపు ద్రవం ఇచ్చారు. మొత్తం మీద మామూలు చికిత్సతో 49 శాతం మందికి, టీ ట్రీతో 41 శాతం మందికి బాక్టీరియా పోయింది. ఆ తేడా పెద్దది కాదు. విడివిడిగా చూస్తే కథ మారుతుంది. ముక్కులో మామూలు చికిత్సలోని మ్యుపిరోసిన్ మలాము 78 శాతం గెలిస్తే టీ ట్రీ 47 దగ్గర ఆగింది. చర్మం మీద మాత్రం వాడుకలో ఉన్న మందులకన్నా టీ ట్రీయే మెరుగైంది. ఈ ఫలితం నాకు నచ్చుతుంది. పొగడ్తా లేదు, కొట్టిపారేయడమూ లేదు. ఏ చోట, ఏ పని అన్నది చెప్పింది.

అలా చోటు దొరికిన నూనెలు మనమధ్యే ఉన్నాయి. దంతవైద్యుడి గదిలో లవంగం వాసన ఎందుకొస్తుందో గమనించారా? జింక్ ఆక్సైడ్ పొడిని యూజెనాల్‌తో కలిపి పంటి గుంతలో తాత్కాలికంగా నింపుతారు, అది నొప్పినీ తగ్గిస్తుంది. నోరు పుక్కిలించే ద్రవాల్లో థైమాల్, మెంథాల్ 19వ శతాబ్దం నుంచీ ఉన్నాయి. థైమాల్‌తో చేసిన, నేలనూ బల్లలనూ తుడిచే క్రిమిసంహారకాలు అమెరికాలో ప్రభుత్వం దగ్గర నమోదై అమ్ముడవుతున్నాయి. ఇవన్నీ ఒంటి పైన, లేదా ఒంటికి బయట జరిగే పనులని గమనించండి.

ఒంటి లోపలికి పంపిన కథా ఉంది. 1909లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కొంకిపురుగు వ్యాధి మీద రాక్‌ఫెల్లర్ సంస్థ పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది. మందు మన వాము పువ్వే. పురుగులు పడ్డాయి. కానీ ఆ రోజు నూనె, కొవ్వు, సారా ముట్టవద్దని రోగులకు గట్టిగా చెప్పాల్సి వచ్చేది, వాటిలో కరిగితే థైమాల్ రక్తంలోకి ఎక్కి ప్రాణం మీదికి తెచ్చేది. ఇంతకన్నా మంచి మందులు వచ్చాక దాన్ని పక్కన పెట్టేశారు. పళ్లెం నుంచి రోగి దాకా ఒక మందు ఎలా వెళ్లాలో చెప్పే కథ ఇంకొకటి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలోని లెడర్లే ప్రయోగశాల నుంచి 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. అదీ అమెరికాలోని ఒక పొలం మట్టిలోంచి తీసిన సూక్ష్మజీవి పళ్లెం మీద గుండ్రటి ఖాళీ చూపించడంతోనే మొదలైంది. ఆ ఖాళీ దగ్గర వాళ్లు ఆగలేదు. ఎలుకల్లో ఎంత ఇస్తే రోగం తగ్గుతుంది, ఎంత ఇస్తే ఎలుక చస్తుంది, మనిషి రక్తంలో ఎంత నిలుస్తుంది అని ఒక్కొక్కటే తేల్చుకుంటూ వెళ్లారు. మన నూనెల పరీక్షలు చాలావరకు ఆ మొదటి మెట్టు మీదే ఆగిపోయి, అక్కణ్నుంచి తిన్నగా దుకాణంలోకి దూకుతున్నాయి.

చివరగా ఇళ్లలో సీసాలున్నవాళ్లకు ఒక మాట. నీలగిరి తైలం, కర్పూరం కలిసిన నూనెలు పసిపిల్లలు ఒక చెంచా తాగినా ఫిట్స్ రావచ్చు. లవంగ నూనె తాగిన పిల్లలకు కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. పిల్లల ముక్కుకు, ఛాతీకి నేరుగా రుద్దకండి. నీళ్లు కలపని నూనెను పుండు మీద వేయకండి, అని చెప్పబోయి ఆగాను, నీళ్లు కలిపినా అది కలవదు కాబట్టి. అసలు పుండు మీద వేయకండి. మూత తీసి చాలాకాలమైన టీ ట్రీ నూనె గాలికి పాడై చర్మానికి దద్దుర్లు తెస్తుంది, దాన్ని పారేయండి. పొరపాటున పిల్లలు తాగితే వాంతి చేయించడానికి ప్రయత్నించకండి, ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. సీసా కూడా వెంట పట్టుకెళ్లండి, లోపల ఏముందో డాక్టరు చదువుకోవాలి.